బాగ్దాద్‌లో నీళ్లొస్తున్నాయా?

"వాఁ పానీ ఆరా క్యా?" అని అడిగింది అమ్మీ.

2003 మార్చి నెలాఖరు. బాగ్దాద్ మీద అమెరికా విమానాలు మళ్లీ దాడులు మొదలుపెట్టి వారం దాటింది. మేం అప్పటికి హైదరాబాదులో ఒక తెలుగు దినపత్రిక డెస్కులో కుర్ర సబెడిటర్లం. ఉర్దూ ఇంట్లో, తెలుగు బళ్లో నేర్చినవాళ్లం, డిగ్రీలో చరిత్ర చదివినవాళ్లం, పైగా పేరు చూస్తే 'వాళ్లలో' ఒకరం. అందుకని ఇరాక్ వార్తలన్నీ మా బల్ల మీదికే వచ్చేవి. రాత్రి డ్యూటీకి పోయే ముందు కడపకు ఫోన్ చేసి, ఆ రోజు ఎన్ని క్షిపణులు పడ్డాయో, ఏ రాజప్రాసాదం కూలిందో అమ్మీకి చెప్పాం. ఆమె అంతా విని ఆ ఒక్క మాట అడిగింది. అక్కడ నీళ్లొస్తున్నాయా అని.

మా దగ్గర జవాబు లేదు. రోజూ రెండు పేజీల కాపీ తర్జుమా చేస్తున్న మాకు, ఆ ఊళ్లో కొళాయి తిప్పితే నీళ్లు పడతాయో లేదో తెలియదు. తెలియదన్న సంగతి కూడా అమ్మీ అడిగేదాకా తెలియదు. ఆ తెలియనితనం ఎక్కణ్ణుంచి వచ్చిందో మాట్లాడుకోవాలి. తప్పు ఇతరులది మాత్రమే అయితే ఈ వ్యాసం రాయాల్సిన పని లేదు.

మొదట తెలుగు సంగతి. 'బాగ్దాద్‌పై బాంబుల వర్షం', 'నిప్పులు కురిసిన ఆకాశం', 'దద్దరిల్లిన బాగ్దాద్'. ఇవన్నీ మా చేతులతో మేం పెట్టిన శీర్షికలే. ఇప్పుడు వాటిని మళ్లీ చదువుకుంటే ముందు క్రియాపదం దగ్గర కాలు తడబడుతుంది. బాంబులు కురిశాయట! కురవడానికి అది ఏమన్నా వానా? వానకు కర్త ఉండడు. వాన పడితే ఎవరినీ నిలదీయలేం. తడిసినవాడే గొడుగు తెచ్చుకోలేదని మాట పడతాడు. విమానం ఎక్కినవాడు, మీట నొక్కినవాడు, నొక్కమని సంతకం పెట్టినవాడు, ముగ్గురూ ఆ ఒక్క 'కురిశాయి'లో కలిసి మాయమైపోయారు. మేం రాయలసీమ వాళ్లం. వాన అన్న మాట వింటేనే మొహం పైకెత్తే జాతి మాది. ఆ మాటను తీసుకుపోయి బాంబుకు తగిలించడానికి మా చెయ్యి ఎట్లా ఒప్పుకుందో ఇప్పటికీ అర్థం కాదు. నాలుగు కాలాల్లో ఇమిడేది కాబట్టి ఒప్పుకుని ఉంటుంది.

మార్చి 28న బాగ్దాద్‌లోని షూలా అనే పేదల పేటలో సంత మీద క్షిపణి పడి 50 మందికి పైగా చనిపోయారు. మేం 'మార్కెట్‌లో పేలుడు' అని రాశాం. గ్యాస్ సిలిండర్ పేలినట్టు! అమెరికా అధికారులు అది ఇరాకీల క్షిపణే తిరిగొచ్చి పడిందేమో అన్నారు. విలేకరి రాబర్ట్ ఫిస్క్ ఆ చోటికి పోయి, దొరికిన లోహపు ముక్క మీది అంకెలతో సహా రాశాడు. అధికారి అన్న 'ఏమో'కు మా పేజీలో ఎంత చోటు దొరికిందో ఆ అంకెలకు అంత దొరకలేదు. 'కచ్చితమైన దాడులు', 'వ్యూహాత్మక లక్ష్యాలు' అనే మాటలు ఇంగ్లీషులో వచ్చినవి వచ్చినట్టే తెలుగులోకి దిగాయి. మేం దించాం. లక్ష్యం అన్నాక కొట్టేవాడి కన్ను ఉంటుంది. ఆ కన్నులోంచి చూస్తే 50 లక్షలకు పైబడిన జనం ఉన్న నగరం పైనుంచి కనిపించే ఇళ్ల కప్పులుగా మాత్రమే మిగులుతుంది. కప్పు కింద ఎవరున్నారో కొట్టేవాడికి అనవసరం. మాకు అవసరం కాకపోవడమే చిత్రం.

ఈ చూపు 1991లోనే తయారైంది. ఆ ఏడు జనవరి 17 తెల్లవారుజామున బాగ్దాద్ మీద మొదటి బాంబులు వేసినప్పుడు అల్ రషీద్ హోటల్ నుంచి సీఎన్ఎన్ విలేకరులు ప్రపంచానికి ప్రత్యక్షంగా వినిపించారు. తర్వాత ఆకుపచ్చటి చీకట్లో ఎగిరే నిప్పురవ్వల బొమ్మలు అన్ని దేశాల ఇళ్లలోకీ వచ్చాయి. మేం అప్పుడు చిన్నపిల్లలం. దీపావళి మాదిరి ఉందని మా వీధిలో పిల్లలు అన్న మాట గుర్తుంది. అన్నవాళ్లలో మేమూ ఉన్నాం.

ఇక ఉర్దూ సంగతి. తెలుగు పత్రికల్ని తిట్టి ఇక్కడే ఆపేస్తే మనవాళ్లు చప్పట్లు కొడతారు. అందుకే ఆపడం లేదు.

2003లో అప్పుడప్పుడు ఒక ఉర్దూ పత్రికకు కూడా రాసేవాళ్లం. అక్కడ బాధ ఉంది, కోపం ఉంది. తెలుగు డెస్కు మీద గొంతులో దిగమింగుకున్నది అక్కడ కక్కేయొచ్చు. కానీ రాసిందేమిటి? బుష్ అనగానే హలాకూ. బాగ్దాద్ అనగానే 1258. మంగోలులు ఖలీఫాను చంపి నగరాన్ని ధ్వంసం చేసిన ఆ సంవత్సరం మా కలాల్లో ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఏప్రిల్ 9న నగరం అమెరికా సైన్యం చేతికి చిక్కగానే 'సుకూతె బగ్దాద్' అన్న పాత మాట కొత్త శీర్షికై పోయింది. చనిపోయిన ప్రతివాడూ శహీద్. తెలుగులో 'మృతి చెందిన పౌరులు' అయినవాళ్లే ఉర్దూలో శహీదులు. మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి మేమే రాసేవాళ్లం. ఒక భాషలో వాళ్లు అంకె, రెండో భాషలో వాళ్లు జెండా. కూరగాయలు కొనడానికి సంతకు పోయిన ఆడమనిషి రెండింట్లోనూ లేదు. ఆమె సంచిలో ఏముందో ఎవరూ అడగలేదు.

ఇంకో మాట కూడా విరివిగా వాడాం. కర్బలా. బాగ్దాద్ మరో కర్బలా, ఇరాక్ అంతా కర్బలా. ఇక్కడే అమ్మీ ప్రశ్న మమ్మల్ని నిలదీస్తుంది. కర్బలా కథ దేని గురించి? ఫురాత్ నది కళ్లముందే పారుతుంటే పిల్లలకు గుక్కెడు నీళ్లు అందకుండా చేసిన కథ కదా. మొహర్రం నాడు మా పల్లెల్లో పీర్లు లేపేటప్పుడు కులం మతం లేకుండా అందరికీ బెల్లం పానకం పోసేది ఆ దాహం గుర్తుకే కదా. అమ్మీ పెద్దగా చదువుకోలేదు. ఆమెకు 1258 తెలియదు. కానీ యుద్ధం అనగానే నీళ్లు అడిగింది. మేం కర్బలా అన్న మాటను పట్టుకుని నీళ్లను వదిలేశాం.

బాగ్దాద్ మాకు దూరపు ఊరు కాదు. ఈ మాట అంటే వెంటనే 'చూశారా, వీళ్ల మనసంతా అరబ్బు దేశాల్లోనే ఉంటుంది' అనేవాళ్లు ఉన్నారని తెలుసు. వాళ్లు కడప, కర్నూలు, అనంతపురం పల్లెలకు ఒకసారి పోయి దస్తగిరి అని కేకేస్తే ఎంతమంది పలుకుతారో చూడాలి. పలికినవాళ్లలో హిందువులూ ఉంటారు. దస్తగిరి, మహబూబ్ సుబానీ, పీరాన్ పీర్ అన్నీ బాగ్దాద్‌లో సమాధి అయి ఉన్న అబ్దుల్ ఖాదర్ జీలానీ పేర్లే. బిడ్డ బతికితే ఆ పేరు పెడతామని మొక్కుకున్న తెలుగు తల్లుల నోట శతాబ్దాలుగా ఆ నగరం నలుగుతూనే ఉంది. గ్యార్వీ నాడు మా నానీ పులావ్ మీద ఫాతెహా ఇప్పిస్తూ బాగ్దాద్ అనేది. ఆమెకు అది పీర్ ఊరు, అంతే. అక్కడ మునిసిపాలిటీ ఉంటుందని ఆమె అనుకుని ఉండదు.

దానికి కొసరు కువైట్. 1990 ఆగస్టు 2న సద్దాం సైన్యం కువైట్‌లోకి దిగినప్పుడు అక్కడ వంటపని, కూలిపని, డ్రైవర్ పని చేసుకుంటున్న కడప జిల్లా వాళ్లు వేలల్లో ఉన్నారు. ఎయిరిండియా విమానాల్లో జోర్డాన్ నుంచి మన దేశం రప్పించుకున్నవాళ్లు మొత్తం సుమారు 1,70,000 మంది. మా మామూ వాళ్లలో ఒకడు. కువైట్ నుంచి బస్సులో ఇరాక్ దాటి అమ్మాన్ చేరాడు. నగలు కుదువబెట్టి పోయినవాడు చేతిసంచితో తిరిగొచ్చాడు. బస్సు బాగ్దాద్‌లో ఆగినప్పుడు ఎవరో ముసలాయన కిటికీలోంచి రొట్టెలు అందించాడని, రాత్రి నది మీద వంతెనల దీపాలు చూశానని చెప్పేవాడు. మూడు నాలుగు నెలలు తిరక్కుండానే ఆ దీపాలు పోయాయి, ఆ వంతెనలు కొన్ని విరిగాయి. మామూను రోడ్డున పడేసింది సద్దామే. అయినా ఆ శీతాకాలం మా పేటలో టీ బంకు మీద సద్దాం బొమ్మ వేలాడింది. ఆ తర్వాత పుట్టిన మగపిల్లల్లో కొందరికి ఆ పేరే పెట్టారు. పెద్దయ్యాక ఉద్యోగాల దరఖాస్తుల్లో ఆ పేరుతో వాళ్లు పడ్డ పాట్లు వేరే వ్యాసం. ఇక్కడ చెప్పేది ఇంతే: మనం నియంత బొమ్మను గోడకు తగిలించాం, రొట్టె ఇచ్చిన ముసలాయన ఏమయ్యాడో అడగలేదు.

ఆ అడగని ప్రశ్నలకు జవాబులున్న పుస్తకం ఒకటి మా చేతికి చాలా ఆలస్యంగా వచ్చింది. నుహా అల్ రాదీ రాసిన 'బాగ్దాద్ డైరీస్'. 1998లో వచ్చింది. మేం 2003లో శీర్షికలు పెడుతున్నప్పటికే అది లోకంలో ఉంది. రాసినామె బాగ్దాద్‌లో పుట్టిన కుండల కళాకారిణి, చిత్రకారిణి. తండ్రి ఇరాక్ రాయబారిగా మన దేశంలో పనిచేసినందువల్ల చిన్నతనంలో కొన్నేళ్లు ఇక్కడే పెరిగింది. 1991 యుద్ధంలో నగరం విడిచిపోకుండా తన తోట ఇంట్లోనే ఉండి రోజులు లెక్కపెట్టుకుంటూ రాసింది.

తీరా చదివితే అందులో యుద్ధం ఎక్కడ మొదలవుతుందనుకున్నారు? వంటింట్లో. కరెంటు పోయింది. ఫ్రీజర్లలో దాచుకున్న మాంసం కరగడం మొదలైంది. పాడైపోయేలోపు తినేయాలి కాబట్టి ఊరు ఊరంతా వండుకుని తింటోంది. ఆకలితో అలమటించాల్సిన వేళ విందులు! ఈ సంగతి ఏ ఏజెన్సీ కాపీలో వస్తుంది? ఏ మర్సియాలో ఇముడుతుంది? చదివి మేం మొదట నవ్వాం. తర్వాత ఆ మాంసం అయిపోయాక ఏమిటన్న ఆలోచన వచ్చి నవ్వు ఆగింది. బంధువులు, స్నేహితులు వచ్చి ఆ తోట ఇంట్లో చేరతారు. ఇంటికి హోటల్ పేరు పెట్టి వాళ్లను వాళ్లే వెక్కిరించుకుంటారు. కుక్కలు బాంబుల చప్పుడుకు ఏం చేశాయో ఉంటుంది. పక్షులు పిచ్చెత్తినట్టు తలకిందులుగా ఎగిరి చచ్చిపోవడం ఉంటుంది. మనిషి మీద పగబట్టి వచ్చినవాడు పిట్టల్ని కూడా లెక్కలోకి తీసుకోలేదన్న మాట ఆమె గట్టిగా అనదు. పిట్టల్ని చూపిస్తుంది, పక్కకు జరుగుతుంది.

అమ్మీ ప్రశ్నకు జవాబు కూడా అక్కడే దొరికింది. 1991లో విద్యుత్ కేంద్రాల్ని మొదట్లోనే కొట్టారు. కరెంటు లేకపోతే నీటి పంపులు ఆగుతాయి. శుద్ధి చేసే యంత్రాలు ఆగుతాయి. మురుగును తోడే పంపులు ఆగితే అది పోయి టైగ్రిస్‌లో కలుస్తుంది. జనం బిందెలు పట్టుకుని అదే నదికి పోతారు. అంటే బాంబు విద్యుత్ కేంద్రం మీద పడితే, దాని దెబ్బ నెల తర్వాత ఎక్కడో ఒక ఇంట్లో పసిబిడ్డ విరేచనాల రూపంలో తగులుతుంది. ఆ బిడ్డ ఏ లెక్కలోకీ రాదు. యుద్ధం ఆగాక 1991 మార్చిలో ఐక్యరాజ్యసమితి తరఫున మార్టీ అహ్తిసారి బృందం పోయి చూసి, ఆ దేశం యంత్రాలు రాకముందటి కాలానికి నెట్టబడిందని నివేదిక ఇచ్చింది. 'కచ్చితమైన దాడి' అన్న మాటలోని కచ్చితం ఇదన్న మాట. తీగ ఎక్కడ తెంచితే ఎన్ని ఇళ్లలో కుండ ఖాళీ అవుతుందో తెలిసిన కచ్చితం.

ఫిబ్రవరి 13 తెల్లవారుజామున అమిరియా పేటలోని ఆశ్రయ కట్టడం మీద రెండు బాంబులు వేశారు. మొదటిది కప్పును చీల్చింది, రెండోది ఆ రంధ్రంలోంచి లోపల పేలింది. 400 మందికి పైగా చనిపోయారు. చాలామంది ఆడవాళ్లు, పిల్లలు. అది సైనిక కేంద్రమనుకున్నామని అమెరికా చెప్పింది. రాత్రి నిద్రకని పిల్లల్ని తీసుకుని పోయిన చోటు అది. ఇంటికంటే అక్కడ భద్రం అనుకుని పోయారు. పరదా ఉన్న ఇళ్ల ఆడవాళ్లు మొహమాటం లేకుండా పడుకోవాలని మగవాళ్లు బయట ఉండిపోయిన కుటుంబాలు ఉన్నాయి. తెల్లారి ఆ మగవాళ్లు వచ్చారు. ఈ వాక్యం తర్వాత ఏం రాయాలో మాకు ఏ భాషలోనూ రాదు.

డైరీలో లోపాలు లేవా? ఉన్నాయి. మెచ్చుకున్నంత మాత్రాన వదిలేయం. ఆమె బాగ్దాద్ ఉన్నతవర్గం మనిషి. తోట ఉంది, విదేశాల్లో చుట్టాలున్నారు, రాసింది ఇంగ్లీషులో. మాంసం కరిగిపోయిందని బాధపడాలంటే ముందు ఫ్రీజర్ ఉండాలి, అందులో మాంసం ఉండాలి. అప్పట్లో సద్దాం సిటీ అని పిలిచిన తౌరా పేటలో ఇరుకు గదుల్లో బతికిన లక్షల పేద షియాలు ఆ రోజుల్లో ఏం తిన్నారో ఈ పుస్తకంలో దాదాపు కనిపించదు. మన దగ్గర కూడా అంతే కదా. ముస్లింల కథ అంటే నవాబుల దేవిడీ కథ అయి కూర్చుంది చాలాకాలం. దూదేకుల ఇంటి కథ, బీడీలు చుట్టే ఇంటి కథ మొన్నమొన్ననే కదా మొదలైంది. తౌరా డైరీ కూడా రావాలి. కాకపోతే ఒక తేడా ఉంది. నుహా తన తోట గోడ లోపల ఉన్నానని దాచుకోదు. నగరం తరఫున మాట్లాడుతున్నానని అనదు. మేం డెస్కు మీద కూర్చుని నగరం తరఫున మాట్లాడాం.

పుస్తకంలో తర్వాతి భాగాలు ఆంక్షల కాలానివి. 1990 ఆగస్టులో పెట్టిన ఆంక్షలు యుద్ధం ఆగినా ఆగలేదు, 2003 దాకా నడిచాయి. సామాన్లు దొరక్క ఆమె పాత కారు ముక్కలు, రాళ్లు, చెత్తతో బొమ్మలు చేసింది. 1993 జూన్‌లో మళ్లీ క్షిపణులు వేసినప్పుడు చిత్రకారిణి లైలా అల్ అత్తార్ తన ఇంట్లోనే చనిపోయింది. నుహా 2004లో బేరూత్‌లో కాన్సర్‌తో పోయింది.

ఉర్దూలో మాకు ఈ పని నేర్పే సామగ్రి లేకపోయిందా అంటే, ఉంది. అదే ఎక్కువ బాధ. షహర్ ఆశోబ్ అని ఒక ప్రక్రియ ఉంది. నగరం పాడైపోయినప్పుడు రాసేది. సౌదా రాశాడు, మీర్ రాశాడు. ఆగ్రా గురించి నజీర్ అక్బరాబాదీ రాసినదాంట్లో రాజు కోసం ఏడుపు లేదు. పని లేక చేతులు ముడుచుకు కూర్చున్న కంసాలి, బట్టల వ్యాపారి, ఇంకా ఎందరో వృత్తుల వాళ్లు వరసగా వస్తారు. ఎవరి పొయ్యి ఎందుకు ఆరిందో ఆ కవిత చెబుతుంది. నుహా డైరీని మేం ఆ వంశంలోనే పెడతాం, ఆమె ఉర్దూలో రాయకపోయినా. మనకేమో షహర్ ఆశోబ్‌లో ఆశోబ్ మిగిలింది, షహర్ జారిపోయింది. ముషాయిరాల్లో బాగ్దాద్ మీద చదివిన నజ్మ్‌లకు వాహ్ వాహ్ అంటూ మేమూ కూర్చున్నాం. వాటిలో రక్తం ఉంది, ఖంజర్ ఉంది, ఉమ్మత్ ఉంది. బిందె లేదు. అదే కాలపు తెలుగు యుద్ధ వ్యతిరేక కవితల్లోనూ చాలావాటిలో పావురం ఉంది, బిందె లేదు. తెలుగు నేల మీద బాంబులు పడనిదీ కాదు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ విమానాలు వేశాయి. మూటాముల్లె సర్దుకుని లోపలి పల్లెలకు బండ్లు కట్టిన కుటుంబాల జ్ఞాపకాలు కోస్తాలో ఉన్నాయి. ఆ జ్ఞాపకం ఉన్న భాషకు బాగ్దాద్ ఇల్లాలి మూట అర్థం కాకుండా ఎట్లా పోతుంది? అర్థమయ్యేది. మేం రాయలేదు.

2023 అక్టోబరులో గాజాకు కరెంటు, నీళ్లు, ఇంధనం ఆపుతున్నామని ఇజ్రాయెల్ బాహాటంగానే ప్రకటించింది. ఈసారి అమ్మీలాగా అడగనక్కర లేదు, ప్రకటించినవాళ్లే చెప్పారు. ఫోన్లలో పిల్లలు డబ్బాలు పట్టుకుని నిలబడ్డ వరసలు లోకమంతా చూసింది. మర్నాడు తెలుగు శీర్షికల్లో క్రియ కోసం వెతికాం. బాంబులు కురుస్తూనే ఉన్నాయి.

అమ్మీ ఇప్పుడు లేదు. ఆమె పెట్టెలో మా పాత పత్రికల కత్తిరింపులు దొరికాయి. తెలుగు చదవడం రాకపోయినా కొడుకు రాసినవని దాచింది. వాటిలో 2003 మార్చి నాటిది ఒకటి పైకి తీసి, డెస్కు అలవాటుగా ఎర్ర పెన్నుతో కూర్చున్నాం. 'బాగ్దాద్‌పై బాంబుల వర్షం'. 'వర్షం' కొట్టేశాం. 'బాగ్దాద్‌పై బాంబులు వేసిన' అని రాసి, ఎవరు వేశారో రాశాం. కింద రెండో వరసలో 'నగరమంతా నీళ్లు లేవు' అని చేర్చాలని చూశాం. నాలుగు కాలాల్లో పట్టలేదు. అయిదో కాలంలో సబ్బు ప్రకటన ఉంది.